డాడ్జర్ స్టేడియం: ఆ కొండ మీది ఇళ్లు ఎవరి కోసం ఖాళీ అయ్యాయి?

లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియం గురించి రెండు మాటలు ప్రచారంలో ఉన్నాయి. బేస్‌బాల్ స్టేడియం కట్టుకోవడానికి వెయ్యికి పైగా మెక్సికన్ అమెరికన్ కుటుంబాలను ఇళ్ల నుంచి గెంటేశారన్నది ఒకటి. డాడ్జర్స్ జట్టు ఆ నగరానికి రాకముందే అక్కడి జనం దాదాపు అందరూ వెళ్లిపోయారు కాబట్టి స్టేడియానికీ వాళ్ల కష్టానికీ సంబంధం లేదన్నది రెండోది. మొదటి మాట అనేవాళ్ల దగ్గర ఒక ఫోటో ఉంది. రెండో మాట అనేవాళ్ల దగ్గర తేదీలున్నాయి. ఫోటో నిజమే, తేదీలూ నిజమే. అయినా ఆ రెండిటిలో దేన్ని పట్టుకున్నా అసలు జరిగింది అర్థం కాదు.

ఇప్పుడు మేజర్ లీగ్‌లో, అంటే అమెరికాలోని అత్యున్నత స్థాయి బేస్‌బాల్ లీగ్‌లో, వాడుకలో ఉన్న మైదానాల్లో బోస్టన్ ఫెన్‌వే పార్క్ (1912), షికాగో రిగ్లీ ఫీల్డ్ (1914) తర్వాత అన్నిటికన్నా పాతది ఇదే. 1962లో తెరిచారు. 2028 ఒలింపిక్స్ బేస్‌బాల్ పోటీలు కూడా ఇక్కడే. ఇంత పేరున్న మైదానం పుట్టుకను అర్థం చేసుకోవాలంటే, జట్టు రాక ఖరారైన 1957 దగ్గర మొదలుపెట్టకూడదు. చాలామంది అక్కడే మొదలుపెడతారు. నా ఉద్దేశంలో ఈ కథ మలుపు తిరిగింది 1953లో. ఆ ఏడాది లాస్ ఏంజెలెస్‌కు డాడ్జర్స్ వస్తారన్న ఊసే లేదు.

కొండ మీద మూడు పేటలు

నగరం నడిబొడ్డుకు ఉత్తరాన, దగ్గర్లోనే, గుట్టలూ లోయలూ ఉన్న ప్రాంతం చావెజ్ రవీన్. 19వ శతాబ్దంలో నగర పాలక మండలిలో పనిచేసిన హులియన్ చావెజ్ పేరు మీద ఆ పేరొచ్చింది. 20వ శతాబ్దం మొదటి సగంలో అక్కడ మూడు పేటలు ఏర్పడ్డాయి: లా లోమా, పాలో వెర్డే, బిషప్. ఉన్నవాళ్లలో ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్న కూలీ, కార్మిక కుటుంబాలు. అప్పట్లో నగరంలోని అనేక కాలనీల్లో తెల్లవారు కాని వాళ్లకు ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసేవారు. డబ్బు కూడబెట్టుకున్నా ఎక్కడ పడితే అక్కడ స్థలం దొరికేది కాదు. దొరికిన చోట కొన్నారు, తమ చేతులతో ఇళ్లు కట్టుకున్నారు. కోళ్లు, మేకలు పెంచుకున్నారు, పెరట్లో కూరగాయలు వేసుకున్నారు. ప్రార్థనకు చర్చి, పిల్లలకు బడి ఉన్నాయి. చాలా వీధులకు మాత్రం రోడ్లు సరిగా లేవు. నగరం వాటిని పట్టించుకున్నదీ లేదు.

రోడ్లు వేయనిది నగరమే. ఆ తర్వాత వచ్చి, ఇది పాడుబడిన మురికివాడ, తొలగించాలి అని రాసిందీ నగర యంత్రాంగమే. ఈ విషయం మనసులో పెట్టుకుని ముందుకు వెళ్లాలి. ఎందుకంటే పరిహారం లెక్క కట్టినప్పుడు ఆ ఇళ్ల ధర తక్కువగా రావడానికి ఆ ముద్ర కూడా ఒక కారణం.

వచ్చిన మొదటి ఉత్తరంలో ఆట మాటే లేదు

1949 జూలైలో అధ్యక్షుడు ట్రూమన్ ఒక గృహ నిర్మాణ చట్టం మీద సంతకం చేశారు. ఈ కథ మొత్తానికి ఇరుసు ఈ చట్టమే కాబట్టి కొంచెం వివరంగా చూడాలి. అందులోని మొదటి అధ్యాయం మురికివాడల తొలగింపు గురించి. నగరాలు భూమిని సేకరించి, శుభ్రం చేసి, కొత్త నిర్మాణాలకు అప్పగించవచ్చు, ఖర్చులో పెద్ద భాగం కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. మూడో అధ్యాయం పేదల కోసం ప్రభుత్వమే కట్టి తక్కువ అద్దెకిచ్చే ఇళ్ల గురించి. లాస్ ఏంజెలెస్ నగరం ఈ మూడో అధ్యాయం కింద 10,000 ఇళ్లు కట్టడానికి ఒప్పందం చేసుకుంది. పాలక మండలి ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆ ఇళ్లలో మూడో వంతు దాకా చావెజ్ రవీన్‌లో రావాలి.

1950 జూలైలో ఆ మూడు పేటల ఇళ్లకు నగర గృహ నిర్మాణ సంస్థ నుంచి ఉత్తరాలు వచ్చాయి. మీ స్థలం ప్రభుత్వ ఇళ్ల కోసం తీసుకుంటున్నాం, ఇల్లు ఖాళీ చేయాల్సి ఉంటుంది, కొత్త ఇళ్లు పూర్తయ్యాక వాటిలో మొదటి అవకాశం మీకే ఇస్తాం అన్నది సారాంశం. ప్రజా ప్రయోజనం కోసం పరిహారమిచ్చి ప్రైవేటు భూమి తీసుకునే అధికారం అమెరికా రాజ్యాంగంలోనూ ఉంది. ఒప్పుకుని అమ్మినవాళ్లకు ఒక ధర ఇచ్చారు, ఒప్పుకోనివాళ్ల మీద కోర్టులో భూసేకరణ కేసు వేశారు.

కట్టబోయేదాని పేరు ఎలీసియన్ పార్క్ హైట్స్. డిజైన్ చేసింది రిచర్డ్ నొయిట్రా, రాబర్ట్ అలెగ్జాండర్. నొయిట్రా అప్పటికే అంతర్జాతీయంగా పేరున్న ఆర్కిటెక్ట్. ఒక్కోటి 13 అంతస్తుల చొప్పున 24 టవర్లు, 160కి పైగా రెండంతస్తుల భవనాలు, మొత్తం మూడు వేలకు పైగా ఇళ్లు. కాగితం మీద గొప్ప ప్రణాళిక. కానీ సొంత ఇల్లు, సొంత పెరడు ఉన్న మనిషికి టవర్‌లో అద్దె ఫ్లాట్ ఎందుకు మెరుగైనదో చెప్పడం కష్టం. ఇళ్ల యజమానులు విచారణల్లో అదే అడిగారు. ఉన్న పేటకే రోడ్లు వేసి బాగు చేయవచ్చు కదా అన్నారు. వాళ్ల మాట నెగ్గలేదు.

ఆ ప్రాజెక్టు వెనక ఉన్నవాళ్లను దుర్మార్గులుగా చూపించడం నాకు న్యాయంగా అనిపించదు. వాళ్లలో ముఖ్యుడు ఫ్రాంక్ విల్కిన్సన్. గృహ నిర్మాణ సంస్థలో పెద్ద అధికారి. జాతి భేదం లేకుండా అందరూ కలిసి ఉండే చవక ఇళ్లు కావాలని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. ఇంటింటికీ తిరిగి జనాన్ని ఒప్పించినవాళ్లలో ఆయనా ఉన్నారు. మొదటి అవకాశం మీకే అన్న హామీ ఆయన నోటి నుంచి వచ్చినప్పుడు అది అబద్ధం కాదు. దాన్ని నిలబెట్టే శక్తి ఆయనకు లేకుండా పోయింది, అంతే.

1953: హామీ ఎవరి చేతిలో పోయింది

అది కమ్యూనిస్టుల వేట నడుస్తున్న కాలం. ప్రభుత్వ ఇళ్లు సోషలిజానికి తలుపు తీస్తాయని రియల్ ఎస్టేట్ వర్గాలు, నగరంలోని బలమైన పత్రికలు ప్రచారం మొదలుపెట్టాయి. 1951 చివర్లో పాలక మండలి ఒకే ఒక్క ఓటు తేడాతో అడ్డం తిరిగి, ఇళ్ల ఒప్పందం రద్దు చేస్తామంది. ఒకసారి కేంద్రంతో ఒప్పందం చేసుకున్నాక నగరం తనంతట తాను తప్పుకోవడం కుదరదని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. 1952 జూన్‌లో ప్రజలను అడిగితే ఎక్కువమంది ఇళ్లు వద్దనే ఓటేశారు. చట్టప్రకారం ఆ ఓటుకు విలువ లేదు. రాజకీయంగా మాత్రం దాని దెబ్బ గట్టిగా తగిలింది.

అదే ఏడాది చావెజ్ రవీన్ భూములకు సంబంధించిన కోర్టు విచారణలో సాక్షిగా వచ్చిన విల్కిన్సన్‌ను, మీరు ఏయే సంఘాల్లో సభ్యులు అని ఎదుటి పక్షం లాయరు అడిగారు. ఆయన జవాబు చెప్పడానికి నిరాకరించారు. భూమి ధరకూ ఆ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఉద్యోగం పోయింది. తర్వాత కొన్నేళ్లకు అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు కూడా జవాబివ్వనందుకు 1961లో జైలుకు వెళ్లారు.

1953 మేయర్ ఎన్నికలో ప్రభుత్వ ఇళ్లను సమర్థించిన ఫ్లెచర్ బౌరన్ ఓడిపోయారు. వాటిని ఆపేస్తానన్న నారిస్ పౌల్సన్ గెలిచారు. పౌల్సన్ వాషింగ్టన్‌తో మాట్లాడి చావెజ్ రవీన్ ప్రాజెక్టును రద్దు చేయించారు. అప్పటికే సేకరించిన భూమిని నగరం 12, 13 లక్షల డాలర్లకు తిరిగి కొనుక్కుంది. దాన్ని సేకరించడానికి కేంద్రం పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఒకే షరతు: ఆ భూమిని ప్రజా ప్రయోజనానికే వాడాలి.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఏ ఇళ్ల కోసమైతే భూమి తీసుకున్నారో ఆ ఇళ్లు రావడం లేదని తేలిపోయింది. వెళ్లిపోయిన కుటుంబాల్ని వెనక్కి పిలిచి, మీ స్థలం మీరు తీసుకోండి అనడానికి అడ్డేముంది? కొన్ని ఇళ్లు కూల్చేశారు, నిజమే. చాలామంది వేరేచోట స్థిరపడ్డారు, అదీ నిజమే. కానీ అడగనైనా లేదు. అలా అడగాలని ఏ చట్టమూ నగరాన్ని బలవంతపెట్టలేదు. (మన దేశంలో 2013 నాటి భూసేకరణ చట్టం ఈ చిక్కును గుర్తించింది. ఐదేళ్లు వాడకుండా ఉంచిన భూమిని పాత యజమానికి గానీ ప్రభుత్వ భూమి బ్యాంకుకు గానీ తిరిగివ్వాలంటుంది. ఆ రెండో దారి ఉండటం వల్ల ఎంత మేలు జరుగుతుందో వేరే చర్చ.) మొదటి అవకాశం ఇస్తామన్న హామీకి విలువ కొత్త ఇళ్లు వస్తేనే. ఇళ్లు రాకపోతే హామీ ఎవరిదీ కాకుండా పోయింది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ కొండ దాదాపు ఖాళీగా పడి ఉంది. అమ్మడానికి ఒప్పుకోనివాళ్లు, వెళ్లడానికి ఇష్టపడనివాళ్లు కలిపి దాదాపు 20 కుటుంబాలు మిగిలాయి.

బ్రూక్లిన్‌లో అదే చట్టం

ఇక దేశం అవతలి ఒడ్డుకు వెళ్దాం. డాడ్జర్స్ అసలు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ జట్టు. 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను ఆడించి, మేజర్ లీగ్‌లో నల్లవారికి దశాబ్దాలుగా మూసి ఉన్న తలుపు తెరిచింది ఈ జట్టే. 1955లో మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ విజేతను తేల్చే ఆఖరి పోటీ, గెలిచింది. వాళ్ల మైదానం ఎబెట్స్ ఫీల్డ్ 1913లో తెరిచింది. 32 వేల సీట్లు, కార్లు నిలపడానికి చోటు లేదు, కట్టడం పాతబడింది. జనం కార్లు కొనుక్కుని శివార్లకు వెళ్లిపోతున్నారు.

యజమాని వాల్టర్ ఓమాలీ కొత్త స్టేడియం సొంత డబ్బుతో కట్టుకుంటానన్నారు. ఆయనకు కావలసింది స్థలం. బ్రూక్లిన్‌లో అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ రోడ్లు కలిసే చోటు అడిగారు. రైళ్లన్నీ అక్కడికే వస్తాయి. పైకప్పుతో కూడిన స్టేడియానికి పేరున్న డిజైనర్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్‌తో నమూనా కూడా వేయించారు. అక్కడ చిన్న చిన్న ముక్కలుగా ఉన్న భూమి కొనడం ఒక ప్రైవేటు వ్యక్తి వల్ల అయ్యే పని కాదు. 1949 గృహ నిర్మాణ చట్టంలోని మొదటి అధ్యాయం కింద నగరం సేకరించి తనకు అమ్మాలని కోరారు.

ఆ అధ్యాయం కింద న్యూయార్క్‌లో ఏది కట్టాలో నిర్ణయించే అధికారం రాబర్ట్ మోజెస్ చేతుల్లో ఉంది. ఆయన ఒప్పుకోలేదు. ప్రైవేటు బేస్‌బాల్ మైదానం ప్రజా ప్రయోజనం కిందికి రాదన్నది ఆయన మాట. కావాలంటే క్వీన్స్‌లోని ఫ్లషింగ్ మెడోస్‌లో నగరం కట్టే స్టేడియంలో అద్దెకు ఉండండి అన్నారు. బ్రూక్లిన్ కాని చోట బ్రూక్లిన్ జట్టు ఆడటమేమిటని ఓమాలీ కాదన్నారు. ఒత్తిడి పెంచడానికి 1956, 57లో కొన్ని మ్యాచ్‌లు పక్క రాష్ట్రంలోని జెర్సీ సిటీలో ఆడించారు.

రెండు నగరాలనూ పక్కపక్కన పెట్టి చూడటం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఒకే చట్టం. దాని మూడో అధ్యాయం లాస్ ఏంజెలెస్‌లో ఒక కొండను ఖాళీ చేయించింది. దాని మొదటి అధ్యాయం న్యూయార్క్‌లో దక్కకపోవడంతో ఒక జట్టు ఊరు విడిచింది. ఆ జట్టు వచ్చి ఆ కొండ మీదే దిగింది. బేస్‌బాల్ మైదానం ప్రజా ప్రయోజనం కాదని ఒక తీరంలో ఒక అధికారి తేల్చిన కొద్ది ఏళ్లకే, మరో తీరంలో న్యాయస్థానం దానికి పూర్తిగా భిన్నమైన తీర్పు ఇచ్చింది.

కాంట్రాక్టులో ఏముంది

1957 ఫిబ్రవరిలో ఓమాలీ లాస్ ఏంజెలెస్‌లో ఉన్న చిన్న లీగ్ జట్టు ఏంజెల్స్‌ను, దాని మైదానాన్ని కొన్నారు. ఆ మైదానం పేరు కూడా రిగ్లీ ఫీల్డే. అదే వసంతంలో హెలికాప్టర్‌లో నగరం మీద తిరుగుతూ, హైవేల మధ్యలో ఖాళీగా ఉన్న ఒక కొండ ప్రాంతాన్ని చూశారు. జట్టును రప్పించడానికి పట్టుబట్టిన మనిషి రోజలిండ్ వైమన్. 22 ఏళ్లకే పాలక మండలికి ఎన్నికైన మహిళ ఆమె. 1957 అక్టోబరు 7న మండలి 10-4 ఓట్లతో ఒప్పందాన్ని ఆమోదించింది. మరుసటి రోజే డాడ్జర్స్ తరలింపు ప్రకటన వెలువడింది. వ్యతిరేకించినవాళ్లలో మెక్సికన్ అమెరికన్ సభ్యుడు ఎడ్వర్డ్ రాయ్‌బాల్ ఉన్నారు.

నగరం సుమారు 300 ఎకరాలు ఇస్తుంది. నేల చదును చేయడానికి 20 లక్షల డాలర్లు పెడుతుంది. రోడ్ల కోసం కౌంటీ (మన జిల్లా లాంటి పాలన విభాగం) దాదాపు 27 లక్షలు పెడుతుంది. బదులుగా డాడ్జర్స్ తమ రిగ్లీ ఫీల్డ్‌ను నగరానికి ఇస్తారు, 50 వేల సీట్ల స్టేడియం తమ ఖర్చుతో కడతారు, ఆ భూమికీ కట్టడానికీ ఆస్తి పన్ను కడతారు, పక్కన 40 ఎకరాల్లో ప్రజలకు ఆటస్థలం ఏర్పాటు చేసి 20 ఏళ్లు నిర్వహిస్తారు.

దీన్ని ఎలా చూడాలి? భూమిని దాదాపు ఊరికే ఇచ్చేశారని అప్పటి విమర్శకులు అన్నారు. నగరానికి పైసా అప్పు లేకుండా స్టేడియం వచ్చిందని సమర్థకులు అన్నారు. తర్వాతి దశాబ్దాల్లో అమెరికన్ నగరాలు ప్రజల పన్నులతో స్టేడియాలు కట్టి జట్లకు అప్పగించిన తీరు చూసినవాళ్లు, డాడ్జర్స్ ఒప్పందమే నయం అంటారు. డబ్బు లెక్కలో అది నిజమేనని నేనూ ఒప్పుకుంటాను. 1923 నాటి యాంకీ స్టేడియం తర్వాత మళ్లీ ప్రైవేటు డబ్బుతో లేచిన మేజర్ లీగ్ మైదానం ఇదే. కానీ ఆ లెక్కలో ఒక అంకె కనిపించదు. నగరం అంత చవగ్గా ఇవ్వగలిగింది ఎందుకంటే, తాను అంతకన్నా చవగ్గా కొనుక్కుంది. అలా కొనగలిగింది ఎందుకంటే, మొదట అమ్మినవాళ్లు తమ స్థలం ఇళ్ల కోసం పోతోందని, తమకూ అందులో వాటా ఉందని నమ్మి అమ్మారు.

కొండ మీద ప్రైవేటు చేతుల్లో మిగిలిపోయిన కొద్దిపాటి స్థలాలను ఓమాలీ తానే కొనాల్సి వచ్చింది. వాటికి ఆయన మదింపు ధరకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టారు. ప్రభుత్వం మాట విని ముందు వెళ్లిపోయినవాళ్లకు తక్కువ, చివరిదాకా చేతిలో పట్టా నిలుపుకున్నవాళ్లకు ఎక్కువ. ఆ కొండ అసలు విలువ ఎంతో ఈ తేడానే చెబుతుంది.

ఓటు, కోర్టు

వ్యతిరేకులు సంతకాలు సేకరించి ఒప్పందాన్ని ప్రజల ఓటుకు తెచ్చారు. 1958 జూన్ 3న పోలింగ్. రెండు రోజుల ముందు ఒప్పందానికి మద్దతుగా టీవీలో ఐదు గంటల కార్యక్రమం నడిపారు. హాలీవుడ్ తారలు వరసకట్టి వచ్చారు. అప్పటికి ఇంకా నటుడిగానే ఉన్న రోనాల్డ్ రీగన్ కూడా వాళ్లలో ఒకరు. ఇంత చేసినా ఒప్పందం గెలిచింది సుమారు 25 వేల ఓట్ల తేడాతోనే, అంటే దాదాపు 52 శాతంతో. నగరం రెండుగా చీలిపోయి ఉందని అర్థం.

తర్వాత కోర్టులు. 1958 వేసవిలో కింది కోర్టు ఒప్పందం చెల్లదంది. ప్రజా ప్రయోజనానికే వాడాలని తీసుకున్న భూమిని ప్రైవేటు జట్టుకు ఇవ్వడం కుదరదన్నది ఆ తీర్పులోని ముఖ్యమైన విషయం. 1959 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. ఒప్పందాన్ని మొత్తంగా చూడాలి, నగరానికి న్యాయమైన ప్రయోజనాలు వస్తుంటే, కొన్ని షరతుల వల్ల జట్టుకు మాత్రమే లాభం వచ్చినా పర్వాలేదు అని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

రెండు కోర్టుల్లోనూ వాదన నగరానికీ, పన్ను కట్టేవాళ్లకూ, జట్టుకూ మధ్యే సాగింది. 1950 ఉత్తరం అందుకున్న కుటుంబాలకు ఆ వాదనలో స్థానం లేదు. చట్టం దృష్టిలో వాళ్ల సంగతి పరిహారంతోనే ముగిసిపోయింది.

మే 7, మే 8

ఈలోగా జట్టు నాలుగు సీజన్లు మెమోరియల్ కొలీజియంలో ఆడింది. అది 1932 ఒలింపిక్స్ జరిగిన మైదానం, బేస్‌బాల్‌కు పనికొచ్చే ఆకారం కాదు. ఎడమ వైపు సరిహద్దు 251 అడుగుల దూరంలోనే వచ్చేసింది. దాంతో అక్కడ 40 అడుగులకు పైగా ఎత్తున వల కట్టారు. వాలీ మూన్ అనే బ్యాటర్ ఆ వల మీదుగా బంతిని పైకి లేపి కొట్టడంలో ఆరితేరాడు. జనం మాత్రం విరగబడి వచ్చారు. 1958 ఏప్రిల్ 18న మొదటి మ్యాచ్‌కు 78,672 మంది. 1959 వరల్డ్ సిరీస్‌లో అక్కడ జరిగిన మూడు మ్యాచ్‌లకూ తలా 92 వేలకు పైగా.

1959 మే 7న, కారు ప్రమాదంలో చచ్చుబడిపోయిన డాడ్జర్స్ క్యాచర్ రాయ్ కాంపనెల్లా గౌరవార్థం ఒక ప్రదర్శన మ్యాచ్ జరిగింది. 93,103 మంది వచ్చారు. దీపాలన్నీ ఆర్పి అందరూ అగ్గిపుల్లలు వెలిగించారు. ఆ నగరం తన కొత్త జట్టును గుండెకు హత్తుకున్న రాత్రి అది. మర్నాడు, మే 8, శుక్రవారం, షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) మనుషులు చావెజ్ రవీన్ వెళ్లి అరెచిగా కుటుంబాన్ని ఇంట్లోంచి బయటికి తీశారు. ఆ ఇంటి కూతురు, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆరోరా వర్గాస్, నడిచి రానంటే కాళ్లూ చేతులూ పట్టుకుని మోసుకుపోయారు. వెంటనే బుల్డోజర్ ఇంటిని నేలమట్టం చేసింది. పత్రికల ఫోటోగ్రాఫర్లు, టీవీ కెమెరాలు అక్కడే ఉన్నాయి. మొదట్లో చెప్పిన ఫోటో ఇదే.

మాన్యువల్, అబ్రానా అరెచిగా దంపతులు 1920ల నుంచి అక్కడ ఉన్నారు. వాళ్ల ఇంటికి ప్రభుత్వం కట్టిన ధర 10 వేల డాలర్లకు కాస్త పైన. అది సరిపోదని వాళ్లు ఏళ్ల తరబడి పోరాడి ఓడిపోయారు. కాగితాల ప్రకారం ఆ ఇల్లు అప్పటికే వాళ్లది కాదు. ఇల్లు కూల్చాక కుటుంబం అక్కడే గుడారం వేసుకుని కొన్నాళ్లు ఉంది. మొదట సానుభూతి వెల్లువెత్తింది. కుటుంబ సభ్యులకు నగరంలో వేరే ఇళ్లు ఉన్నాయని పత్రికలు బయటపెట్టాక అది చల్లారింది. ఈ మలుపు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. వాళ్లకు వేరే ఇళ్లు ఉన్నాయా లేదా అన్నది ప్రశ్న కాదు. తీసుకున్న కారణం పోయాక భూమిని ఉంచుకోవచ్చా అన్నది ప్రశ్న. ఆ కుటుంబం ఆస్తి చిట్టా బయటికి రావడంతో ఆ ప్రశ్న అడిగేవాళ్లే లేకుండా పోయారు.

స్టేడియం కోసం కుటుంబాల్ని గెంటేశారన్న మాటలో అబద్ధం ఎంత, నిజం ఎంత? వెయ్యికి పైగా కుటుంబాల విషయంలో తేదీలు సరిపోవు. వాళ్లు వెళ్లింది ప్రభుత్వ ఇళ్ల కోసం. ఆఖరున మిగిలిన కొద్ది కుటుంబాల విషయంలో అది అక్షరాలా నిజం. 1959 మేలో వాళ్లను బయటికి పంపడానికి, స్టేడియం పని మొదలుపెట్టాలన్నది తప్ప మరో కారణం లేదు.

కొండను తొలిచి కట్టిన మైదానం

1959 సెప్టెంబరు 17న శంకుస్థాపన. ఇంజినీరు ఎమిల్ ప్రేగర్. కొండను వదిలించుకోకుండా దాన్నే వాడుకోవడం ఆయన డిజైన్‌లోని తెలివి. సుమారు 80 లక్షల ఘన గజాల మట్టిని కదిలించారు. గుట్టల తలలు నరికి లోయలు పూడ్చారు. సీట్లను కొండ వాలు మీద మెట్లుమెట్లుగా పేర్చి, ఒక్కో అంతస్తుకు సరిగ్గా అదే ఎత్తులో బయట పార్కింగ్ ఏర్పాటు చేశారు. పైనున్న సీటు కొన్నవారు కారును పైనే నిలిపి, మెట్లెక్కే పని లేకుండా లోపలికి నడిచి వెళ్లొచ్చు. ఆటకు అడ్డం వచ్చే స్తంభాలు లేవు. 56 వేల సీట్లు, 16 వేల కార్లకు చోటు. పార్కింగ్ లేక బ్రూక్లిన్‌లో నష్టపోయిన మనిషి కట్టించిన స్టేడియం అని చూడగానే తెలుస్తుంది. ఖర్చు 2 కోట్ల డాలర్లు దాటింది. అందులో కొంత యూనియన్ ఆయిల్ కంపెనీ ప్రకటన హక్కుల కోసం ఇచ్చిన అప్పు.

పూడ్చిన లోయల్లో పాలో వెర్డే బడి కూడా ఉంది. దాన్ని కూల్చలేదు. పైకప్పు తీసేసి, గదుల్ని మట్టితో నింపి, అలాగే పూడ్చేశారు.

1962 ఏప్రిల్ 10న మొదటి మ్యాచ్. 52,564 మంది వచ్చారు. ఓమాలీ భార్య కే ఓమాలీ మొదటి బంతి విసిరారు. సిన్సినాటి రెడ్స్ 6-3తో గెలిచింది, వాలీ పోస్ట్ బంతిని సరిహద్దు అవతలికి కొట్టి సాధించిన మూడు పరుగుల హోం రన్ డాడ్జర్స్‌ను ముంచింది. తొందరలో కొన్ని పొరపాట్లూ దొర్లాయి. ప్రేక్షకులకు మంచినీటి కుళాయిలే పెట్టలేదు. బంతి సరిహద్దు లోపల పడిందా బయట పడిందా తేల్చే స్తంభాలను గీతకు అవతల పాతారు. ఆ ఏడాదికి లీగ్ నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. అవేవీ జనాన్ని ఆపలేదు. మొదటి సీజన్‌లోనే 27 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. అప్పటికి అది లీగ్ రికార్డు. మరుసటి ఏడాది, 1963లో, డాడ్జర్స్ న్యూయార్క్ యాంకీస్‌ను వరసగా నాలుగు మ్యాచ్‌ల్లో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. నాలుగో విజయం ఈ కొండ మీదే.

మెక్సికన్ అమెరికన్ కుటుంబాల్లో చాలామంది చాన్నాళ్లు ఆ గేటు లోపల అడుగు పెట్టలేదంటారు. 1981లో మెక్సికో నుంచి వచ్చిన 20 ఏళ్ల పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఫెర్నాండో వలెన్‌జువెలా ఆ దూరాన్ని తగ్గించాడు. ఈనాడు ఆ స్టేడియంలో ప్రేక్షకుల్లో పెద్ద భాగం లాటినో అభిమానులే. ఆట మీద వాళ్ల ప్రేమ, నగరం మీద వాళ్ల ఫిర్యాదు రెండూ నిజమైనవే. జట్టును ఇష్టపడ్డారు కాబట్టి కొండ సంగతి మరిచిపోయారని అనుకోవడం పొరపాటు.

2024లో కాలిఫోర్నియా శాసనసభ ఒక బిల్లు ఆమోదించింది. ఆ మూడు పేటల నిర్వాసితులకు, వాళ్ల వారసులకు ఎలాంటి పరిహారం ఇవ్వాలో పరిశీలించే సంఘాన్ని వేయాలన్నది దాని ఉద్దేశం. ఇలాంటి సంఘం స్థానికంగా ఏర్పడాలంటూ గవర్నర్ గవిన్ న్యూసమ్ దాన్ని తిప్పి పంపారు. ఆయన మాటలో నాకు సబబుగా కనిపించేది ఒకటుంది. 1950లో ఉత్తరం పంపింది నగరం, 1953లో మాట తప్పింది నగరం, 1957లో భూమి ఇచ్చింది నగరం. జవాబు చెప్పాల్సింది కూడా నగర పాలక మండలే. దానికి రాష్ట్ర చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.